సైడు వింగులో హెట్టీ

మోర్కాంబ్,
జూలై 1957

ఫ్లోరీ అక్కకి, ఎంతో ప్రేమతో,

హెట్టీని మట్టిచేసి వచ్చిన రోజు నా చెయ్యి పట్టుకుని, "నిన్నొకటి అడగాలిరా" అన్నావు. ఎవరో పిలుస్తున్నారని వంక పెట్టి తప్పించుకున్నాను. నువ్వేం అడగబోయావో నాకు తెలుసు. అవునక్కా, నాకు వినపడదు. యుద్ధంలో ఒక చెవి పోయింది. రెండోది మెల్లమెల్లగా పోయింది. ఈ ఊళ్ళో ఉండి సముద్రపు హోరు కూడా ఎరగను. నూలు మిల్లులో మగ్గాల రొద మధ్య మీ ఆడవాళ్ళంతా గొంతు లేకుండా పెదవులు కదిపీ, చూసీ మాట్లాడుకునేవారే, చిన్నప్పుడు నీ దగ్గర నేర్చిన ఆ విద్యే ఇన్నాళ్ళూ నన్ను కాపాడింది.

చెవిటివాడు జనాన్నెలా నవ్విస్తున్నాడంటావా? హాస్యగాడికి మాట అనడం ఎంత ముఖ్యమో, అన్నాక ఆగడం అంతకన్నా ముఖ్యం. నవ్వు లేచి, పండి, తగ్గేదాకా నిలబడాలి. ముందే నోరు తెరిస్తే మాట నవ్వులో కొట్టుకుపోతుంది. ఆలస్యమైతే చప్పబడిపోతుంది. దీపాల వెలుగు కళ్ళలో కొడుతుంటే నాకు హాలంతా చీకటే. అందుకని హెట్టీ స్టేజీ పక్కన తెర చాటున, సైడు వింగులో నిలబడేది. జనం నవ్వుతున్నంతసేపూ చెయ్యెత్తి ఉంచేది. నవ్వు తగ్గగానే దించేది. అప్పుడు నేను తర్వాతి మాట అందుకునేవాణ్ణి. "ఏమమ్మా, మీ ఆయన్నెవరైనా ఎత్తుకుపోతారనా ఈ కాపలా?" అని డాన్సు పిల్లలు ఏడిపిస్తే, "మీ మీదే నా అనుమానం!" అనేదట.

సినిమాల్లో నేను వేసినవి నీకు తెలిసినవే. పాదిరీ, బస్సు కండక్టరూ, దొంగను వదిలేసి టోపీ వెంట పరిగెత్తే పోలీసూ. ఈ వసంతంలో మరో వేషం వచ్చింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద కునుకు తీసే ముసలాడు. ఒక్క మాట కూడా లేదు. ఒప్పుకోమని హెట్టీ ఒకటే పోరు. "జనం ఇక్కడ విరగబడి నవ్వుతుంటే, నేను వెళ్ళి బెంచీ మీద నిద్రపోవాలా?" అని కసిరాను. తను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

సోమవారం నుంచి మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాను. తెర లాగే సేత్‌కి నా సంగతి చెప్పాను. హెట్టీ చోట తను నిలబడతానన్నాడు. నాకింక మిగిలింది ఆ నవ్వులేనక్కా.

నీ తమ్ముడు,
క్లెమ్


మోర్కాంబ్,
జూలై, మరుసటి వారం

అక్కా,

సోమవారం మధ్యాహ్నం ఆట. మొదటి జోకు వేసి వింగు వైపు చూశాను. సేత్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. రెండోది వేశాను. కదల్లేదు. తన పని మరిచి నన్ను చూస్తున్నాడనుకున్నాను. తోచిన చోటల్లా ఆగుతూ, తడబడుతూ ఎలాగో ముగించి వచ్చి అతని మీద విరుచుకుపడ్డాను.

"నిద్రపోయావా? చెయ్యెందుకు ఎత్తలేదు?"

నాకర్థమయ్యేలా అతను నిదానంగా పెదవులు కదిపాడు. "ఎవరూ నవ్వలేదండీ."

"ఒక్కసారి కూడానా?"

తల అడ్డంగా ఊపాడు.

"హెట్టీ ఉన్నప్పుడు నవ్వేవాళ్ళు కదయ్యా!"

టోపీ తీసి చేతుల్లో నలిపాడు. తర్వాత అన్నాడు. "నేనీ హాలుకి వచ్చినప్పట్నుంచీ ఇంతేనండీ. జనానికి ఇప్పుడు కొత్త కొత్తవి కావాలి. ఓసారి అమ్మగారినే అడిగాను, నవ్వేవాళ్ళే లేకపోతే చెయ్యెందుకెత్తుతారమ్మా అని. 'నేనున్నానుగా నవ్వడానికి' అన్నారండీ."

అక్కా, కోపం రాలేదు. వస్తే బాగుండేది. రోజూ ఆట అయ్యాక హెట్టీ చేపలూ బంగాళాదుంపల వేపుడూ కాగితంలో పెట్టుకుని తింటూ, "ఇవాళ అత్తగారి జోకుకి ముందు వరసలో ఒకావిడ కుర్చీలోంచి జారిపోయింది తెలుసా!" అని చెప్పేది. ఆవిడ లావునీ, జారిన టోపీనీ అభినయించి చూపించేది. నేను కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాణ్ణి. ఆ లావుపాటావిడ లేనే లేదు. జనం దగ్గులూ, లేచి వెళ్ళిపోయేవాళ్ళ కుర్చీల చప్పుడూ, ఎవడో వేసిన ఈలా అన్నీ వింటూ, నా వైపు నవ్వుమొహంతో చెయ్యెత్తి నిలబడేది. నాకు వినపడని ఆ నిశ్శబ్దమంతా అదొక్కతే విందక్కా.

ఇంక నేను స్టేజీ ఎక్కను. మేనేజరుకి చెప్పేశాను.

క్లెమ్


లండన్,
నవంబరు 1957

అక్కా,

"హెట్టీ నీకెన్ని అబద్ధాలు చెప్పినా, ఆ సినిమాకి వెళ్ళమన్నది మాత్రం నిజం మాటేరా మొద్దూ" అని నువ్వు రాశాకే వచ్చాను. నా అదృష్టం కొద్దీ ఆ వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

నిన్న నా ఘట్టం తీశారు. బెంచీ మీద నా పక్కన సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక బిగుసుకుపోయిన పెద్దావిడ. నేను కునికి ఆవిడ భుజం మీద వాలతాను. ఆవిడ జరుగుతుంది. మళ్ళీ వాలతాను. చివరికి లేచి వెళ్ళిపోతుంది. నేను కింద పడిపోవాలని రాసి ఉంది. ఎందుకో పడలేదక్కా. భుజం ఉందనుకుని, లేని చోట అలాగే ఒరిగి, కళ్ళు మూసుకుని ఉండిపోయాను.

ఆపమని దర్శకుడు అరిచాడట. నాకెలా తెలుస్తుంది? ఆ నటి వచ్చి చెయ్యి తాకితే కళ్ళు తెరిచాను. కెమెరా మనిషి భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. మొహాలకి రంగులు పూసే అమ్మాయి ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుంది. ఎన్నడూ పళ్ళు కనపడనివ్వడని పేరున్న దర్శకుడు చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అందరి మీదా దీపాల వెలుగుంది. చూశానక్కా. ఇన్నేళ్ళకి జనం నవ్వడం నా కళ్ళతో నేనే చూశాను.

"ఒసే హెట్టీ, చూశావా?" అని నోరు తెరిచి పక్కకి తిరిగాను.

గదికొచ్చి టీ పెట్టుకున్నాను. రెండు కప్పులకి సరిపడా నీళ్ళు పోశాను. రెండో కప్పు అలాగే చల్లారిపోయింది. ఈ సంగతి ఎవరితోనన్నా చెప్పుకోకపోతే గుండె పగిలేలా ఉంది. అందుకని నీకు రాస్తున్నాను. ఆదివారం వస్తాను. అంతా మళ్ళీ చెబుతాను. నువ్వు ఏమీ అనకు, ఊరికే విను.

నీ
క్లెమ్