పద్నాలుగో ప్రశ్న

12 జూన్ 2006
తెల్లారి నుంచి వాన. కొండ నుంచి దిగిన అడ్డాకులో సగం తడి. వసారాలో తాడు కట్టి ఆరేశాం. మధ్యాహ్నం నుంచి విస్తళ్ళు కుట్టడం. నేను నలభై కుట్టాను, మరదలు వరలక్ష్మి ముప్పై. దాని కూతురు నూకరత్నం ఆకులు ఏరింది — పెద్దవి గోడ వైపు, చిన్నవి గుమ్మం వైపు, తొడిమలన్నీ ఒకే దిక్కు. ఆరేళ్ళు. మాటలు లేవు. చెయ్యి మాత్రం తప్పదు.
రేపు బడిలో వైద్య శిబిరం. విశాఖ నుంచి డాక్టరు వస్తారు.

13 జూన్
వెళ్ళాం. పిల్ల తండ్రి, నా తమ్ముడు సన్యాసి కూడా పని మానుకుని వచ్చాడు. డాక్టరు సుధ గారు, చిన్న వయసే. ముప్పై ప్రశ్నల కాగితం. ఆమె చదవడం, వరలక్ష్మి చెప్పడం.
పద్నాలుగోది — వస్తువులను వరసగా పేరుస్తుందా?
"పేరుస్తాదండీ. నాకన్నా బాగా పేరుస్తాది."
టిక్కు పెట్టారు. మెచ్చుకున్నారనుకుని వరలక్ష్మి ఇంకొంచెం చెప్పింది. "పొద్దున్న కూకుందంటే మద్దేనం దాకా లెగదండీ." ఇంకో టిక్కు.
మా ఇంట్లో అది పని. కాగితంలో జబ్బు.
చివరికి — ఆటిజం. విశాఖలో హాస్టలు బడి ఉందట, ఆగస్టులో సీటు. చేతులు ఊపడం మాన్పిస్తారు, కళ్ళలోకి చూడటం నేర్పిస్తారు. సన్యాసి సరే అన్నాడు. నేను నింపని ప్రశ్నల కాగితం ఒకటి అడిగి తెచ్చుకున్నాను.

15 జూన్
పేరు దగ్గర నా పేరు రాశాను. వయసు ముప్పై ఎనిమిది.
ముప్పైకి ఇరవై మూడు టిక్కులు. రెండుసార్లు చూశాను.

16 జూన్
ఆశ్చర్యం లేదు. దీనికో పేరుందని తెలిసింది, అంతే.

24 జూన్
ఐదో తరగతిలో మాస్టారు నా గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తేవారు. "ఇటు సూడవే." చూసినంత సేపూ ఆయన చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తల వంచుకున్న రోజున పాఠమంతా వచ్చింది. ఇది కాగితంలో ఎక్కడా లేదు.

2 జూలై
ప్రశ్న పక్కన ప్రశ్న రాస్తున్నాను.
కళ్ళలోకి చూస్తుందా — చూస్తే వినలేదు, వింటే చూడలేదు. మీకు ఏది కావాలి?
చేతులు ఊపుతుందా — ఎప్పుడు? సంతలో మైకు మోగినప్పుడా, మంచి ఆకు దొరికినప్పుడా? రెండూ ఒకటి కావు.
పద్నాలుగు — ముందు, ఆ ఇంట్లో చేసే పనేమిటి?
పక్కన చోటు చాలలేదు. కాగితం వెనక్కి తిప్పాను.

5 జూలై
సన్యాసి రేకు పెట్టె తెచ్చాడు, హాస్టలుకి. నూకరత్నం అందులో ఆకులు పేర్చింది. వాడు తీసేశాడు. మళ్ళీ పేర్చింది.
"అప్పా, నువ్వు దానికి వత్తాసు."
"నేనూ అలాంటిదాన్నే కదరా."
"నువ్వు పదో తరగతి పాసయ్యావు. నీకేటి?"
"గడ్డం పట్టుకుని పైకెత్తని మాస్టారు దొరికాక పాసయ్యాను."
నవ్వాడు. పెట్టె మాత్రం అటక ఎక్కలేదు.

11 జూలై
మళ్ళీ శిబిరం. నేను రాసింది డాక్టరు గారికిచ్చాను — నకలు. అసలుది నా దగ్గరే. ఆమె సహాయకుడు తొంగి చూసి, "ఇంత చక్కగా మాట్లాడుతున్నారు, మీకు ఆటిజం ఏమిటండీ?"
"మీ మొకం సూడకుండా ఉన్నాను కదండీ, అందుకే మాటాడగలుగుతున్నాను."
డాక్టరు గారు నవ్వలేదు. రెండు వైపులా చదివారు. అడిగాను — ఈ ప్రశ్నలు రాసినప్పుడు మాలాంటోళ్ళని ఎవర్నయినా అడిగారాండీ?
ఆమె కాగితం మడిచి, "నాకు తెలిసి లేదండీ."
"మరెలా తెలిసిందండీ?"
"బయట నుంచి చూసి."
నిజం చెప్పారు. అక్కడ నమ్మకం కుదిరింది.

23 జూలై
డాక్టరు గారు ఇంటికి వచ్చారు, ఒక్కరే. మాట్లాడొద్దని ముందే చెప్పాను. వసారాలో చాప మీద గంటన్నర. ఒక ఆకు తీసి వరసలో పెట్టారు — తొడిమ అటు తిరిగింది. నూకరత్నం సరిచేసింది. ఇంకోటి పెట్టారు. అదీ తప్పే. ఈసారి పిల్ల ఆకు ముట్టుకోలేదు. డాక్టరు గారి చెయ్యి పట్టుకుని, ఆ చేత్తోనే తిప్పించింది.
ఆమె సంచిలోంచి నూకరత్నం కాగితం తీసి ఒక టిక్కు కొట్టేశారు. "ఇతరులతో కలవదు" అన్న చోట.
వరలక్ష్మి టీ ఇస్తూ, "మా పిల్లే మీకు పాటం సెప్పేసిందండీ."
వెళ్తూ అన్నారు — కాగితం కొత్తగా రాయాలి... మీరూ వచ్చే నెల విశాఖ వచ్చి కూర్చోండి, మూడు రోజులు. మీలాంటివారు ఇంకో ఇద్దరు వస్తున్నారు. రాసినవాళ్ళలో మీ పేర్లూ ఉంటాయి.
వస్తానన్నాను. నూకరత్నం నాతో వస్తుంది, ఆ హాస్టలు ముందు నేను చూస్తాను అని కూడా చెప్పాను.

30 జూలై
సన్యాసి ఒప్పుకోవడం లేదు.
"నువ్వెల్లి రాసేలోగా సీటు పోతాది అప్పా. రేపు మనమందరం పోయాక దాన్నెవులు సూత్తారు?"
న్యాయమైన ప్రశ్న. పాత కాగితంలో లేదు, నేను రాసినదాంట్లోనూ లేదు. ముప్పై ఒకటోదిగా రాసుకున్నాను.

6 ఆగస్టు
వాన. ఆకు రాలేదు. సన్యాసి ఈ నెల పదిహేను దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత నా మాట వినడట.

8 ఆగస్టు
విశాఖ బస్సులో రాస్తున్నాను, అక్షరాలు వంకర. చెవుల్లో దూది, నాకూ దానికీ. వరలక్ష్మి ఆకుల కట్ట పిల్ల ఒళ్ళో పెట్టింది. రేకు పెట్టె సన్యాసే మోసుకొచ్చి సీటు కింద తోశాడు. పిల్ల బట్టలన్నీ అందులో ఉన్నాయి.
"మూడ్రోజులకి పెట్టెందుకురా?"
"ఉండనీ అప్పా."
ఐదు నలభైకి వాళ్ళిద్దరూ దిగిపోయారు. ఐదు నలభై ఐదుకి బస్సు కదిలింది. నేను, నూకరత్నం, పెట్టె.