చక్రాల మీది తెల్ల అక్షరాలు

బుజ్జులూ,

నేను వచ్చేదాకా వ్యాను తియ్యకు. తాళాలు కొంగున కట్టుకుపోతున్నాను, వెతక్కు. టైర్ల మీది తెల్ల అక్షరాలు మట్టికొట్టుకుపోయాయని సబ్బునీళ్లతో రుద్దాను. అదే ఊపులో నువ్వు తెచ్చిన పాలిష్ రోడ్డుకానే చోట కూడా పట్టించాను. అక్కడ పూస్తే బండి జారుతుందట. "మనవరాలి మీద ఏంటి మామ్మా అంత కోపం?" అన్నాడు ఎదురింటి మెకానిక్. ఆ పాలిష్‌ని వదిలించే సబ్బేదో కొనడానికి వెళ్తున్నాను.

అన్నం మూతపెట్టాను, తిను.

అమ్మమ్మ

మరిచాను. కూడబలుక్కుని నాలుగు చక్రాలూ చదివాను, అన్నిటి మీదా ఒకటే మాట. తిరిగేదాని మీద రాస్తే ఎవరు చదువుతారే? పోయినసారి నేను గేటు దాకా వచ్చేలోపే మలుపు తిరిగేశావు. ఎంత మెల్లగా పోతే అక్షరాలు కంటికి ఆనుతాయో చూడాలని ఉంది. ఈసారి మలుపు దాకా అంత మెల్లగానే పో.