తెల్లరంగు మానేసిన చలికాలం

క్రాకోవ్, జనవరి 19, 1909

బ్రష్ జారిపోయింది. కుడి మణికట్టు దానంతటదే వాలిపోయింది, తడిసిన చేతిగుడ్డలా. ఎడమచేత్తో ఎత్తి నిలబెడితే మళ్ళీ వాలింది. పొలాల మీద మంచు వేస్తున్నాను. వసంతకాలపు ఎగ్జిబిషన్‌కి ఇవ్వాల్సిన బొమ్మ. చెట్లు, కంచె అయ్యాయి. మంచు మొత్తం మిగిలిపోయింది.

జనవరి 24

అక్కకి చెప్పలేదు.

ఫిబ్రవరి 2

చెంచా వాలి, బీట్‌రూట్ సూప్ టేబుల్‌గుడ్డ మీద ఒలికింది. అపొలోనియా అక్క చూసేసింది. పియానో నేర్పే మనిషి, చేతుల్ని చూడకుండా ఉండలేదు. ఎన్నాళ్ళ నుంచే ఇది అని అడిగింది. రాత్రి చెయ్యి మీద పడుకున్నానన్నాను. అబద్ధం ఆడితే అచ్చం నాన్నలా కళ్ళు పైకెత్తుతావే అంది.

నాన్నకీ ముందు చెయ్యే పోయింది. రాగిరేకుల మీద బొమ్మలు చెక్కేవాడు. తర్వాత మాట తడబడింది, ఆ తర్వాత మా పేర్లు మరిచిపోయాడు. చివరి ఏడాది అక్కని పోస్టుమాస్టర్ గారి భార్య అనుకుని ఎంతో మర్యాదగా పలకరించేవాడు.

ఫిబ్రవరి 3

రేపు నన్ను నేనెవరనుకుంటాను?

ఫిబ్రవరి 11

అక్క రెక్క పుచ్చుకుని డాక్టర్ విల్చెక్ దగ్గరికి లాక్కెళ్ళింది. నాన్న సంగతంతా చెప్పాను. ఆయన విని, చేతిని వదిలేసి, నోరు తెరవమన్నాడు. చిగుళ్ళ మీద నీలిగీత ఉందట. బ్రష్ మొన ఎలా సరిచేస్తావమ్మా అని అడిగాడు. పెదవులతో అన్నాను. ఏ రంగు ఎక్కువ వాడతావన్నాడు. తెలుపు, నావన్నీ మంచు బొమ్మలేనండీ అన్నాను.

ఇది మీ నాన్నగారి జబ్బు కాదు, ఆ తెలుపులో సీసం ఉంటుంది, అది నువ్వు తింటున్నావు అన్నాడు. మానేస్తే చెయ్యి తిరిగొస్తుందట, మెల్లగా.

మెట్ల మీద కూలబడి ఏడ్చాను. ఎవరో పెద్దాయన టోపీ తీసి, పోయింది మీకు దగ్గరివాళ్ళా అని అడిగాడు. కాదండీ, ఎవరూ పోలేదు అన్నాను.

సాయంత్రం

అక్క ట్యూబులన్నీ మూటగట్టి పారేసింది. ఇన్నేళ్ళూ విషం చప్పరిస్తూ నా వంటకి వంకలు పెట్టావటే అని ఒకటే సాధింపు. వినడానికి ఎంత హాయిగా ఉందో.

మార్చి 6

సీసం లేని తెలుపు కొన్నాను. మూత తీయలేదు. బొమ్మలో మంచు రావాల్సిన చోట ఇంకా రంగు పడని మట్టిరంగు నారగుడ్డ వైపు పొద్దంతా చూశాను. ఎడమచేత్తో నాలుగు కాకుల్ని పెట్టాను, వంకరగా. ఇంకేమీ అక్కర్లేదనిపించింది. సంతకం చేశాను.

మార్చి 20

ఎగ్జిబిషన్ కమిటీ తరఫున ప్రొఫెసర్ గురనోవ్‌స్కి వచ్చాడు. రంగు అయిపోయిందా అమ్మాయీ అన్నాడు. అయిపోలేదండీ, మానేశాను అన్నాను. మంచు ఈ మట్టిరంగులో ఉంటుందా అన్నాడు. ఒకసారి కిటికీలోంచి కిందికి చూడండి అంది అక్క, టీ పోస్తూ. వీధిలో మార్చి నెల మంచు బురదతో కలిసి అచ్చం అలాగే ఉంది. ఆయన కిటికీకీ బొమ్మకీ మధ్య చాలాసేపు తిరిగాడు. టీ చల్లారిపోయింది. ఎగ్జిబిషన్‌లో మెట్ల పక్కన చోటుంది, పంపించు అని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 14

మధ్యవేలు లేచింది. అక్కని పిలిచాను. మళ్ళీ లేపవే అంది. లేపాను. నన్ను పియానో ముందు కూర్చోబెట్టి ఆ ఒక్క వేలితో ఒకే మెట్టు నొక్కించింది, పక్కింటివాళ్ళు గోడ బాదేదాకా.

పేపర్లో నా బొమ్మ గురించి రాశారు. ఒళ్ళు వంగని ఆడది సగంలో వదిలేసిన గుడ్డ అని. అక్క పేపర్ చింపి పొయ్యిలో పెట్టింది. నాకు బాగా నిద్ర పట్టింది.

మే 16

ట్రాములో నా ముందు కూర్చున్నావిడ టోపీ మీద తేనెటీగ వాలింది. నేను అనుకునేలోపే నా కుడిచెయ్యి లేచి దాన్ని తోలేసింది. ఆవిడ వెనక్కి తిరిగి గుడ్లురిమింది. నాకు నవ్వు ఆగలేదు. దిగాల్సిన చోటు దాటిపోయింది.