సారయ్య పెట్టాల్సిన సంతకం

మట్టెవాడ, 5-11-1979

కరెంటు ఆఫీసు పెద్దసారుకు మల్లవ్వ దండాలు.

చెప్పేది నేను, రాసేది నా బిడ్డ లక్ష్మి. మా గల్లీల నాలుగిండ్లకు మూడొద్దుల నుంచి కరెంటు లేదు. మీ లైన్‌మన్ సారయ్య వచ్చిండు. మా ఇంటి ముందటి స్తంభమెక్కిండు. తీగను పట్టుకునే పింగాణి కప్పు పలిగిందన్నడు. దిగి చాయ్ తాగిండు. కండ్లు ఎర్రగున్నయ్, ఒళ్లు కాలుతాంది పాపం. "కొత్త కప్పు తెస్త, పోతాన అవ్వా" అన్నడు. నేను గయ్యిన లేచిన. "గడపల నిలబడి పోతాన అనొద్దు, పోయొస్త అను" అన్న. నవ్విండు. "సరే అవ్వా, పోయొస్త. నీ బిడ్డ పురుటికి లైటు పెట్టుడు నా జిమ్మ" అన్నడు. గంతే, పోయిండు.

లక్ష్మికి నెలలు నిండినయ్, తొలిచూలు. మా చెల్లె చిలుకమ్మ గుడ్డిదీపంల కని పాణం మీదికి తెచ్చుకున్నది. నాకు గదే భయం పట్టుకున్నది సారూ. జర జల్ది చూడుండ్రి.

ఇట్లు,
మల్లవ్వ

తా.క.: కందిలి గ్లాసు పలిగింది. దీపంబుడ్డి ముందట కూసొని రాస్తాంది. మసి మరకలకు తిట్టకుండ్రి.

*

కరెంటు ఆఫీసు, 8-11-1979

శ్రీమతి మల్లవ్వ గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. మా పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ మా రిజిస్టరులో "లైన్ క్లియర్" అని రాసి సంతకం చేస్తాడు. మేము ఆ లైనుకు కరెంటు ఆపుతాం. పని ముగించి దిగాక అతనే వచ్చి రెండో సంతకం చేయాలి. వేరొకరు చేస్తే చెల్లదు. లేకుంటే మనిషి పైన ఉండగానే కరెంటు వదిలి అతని ప్రాణం తీసినవాళ్లమవుతాం.

సారయ్య రెండో సంతకం చేయలేదు. డ్యూటీకి కూడా రావడం లేదు. "పోయిండు" అని రాశారు. ఎటు పోయాడో దయచేసి తెలుపగలరు.

ఇట్లు,
రాజేశ్వర్ రావు, సెక్షన్ ఆఫీసరు

తా.క.: మసి మరక సరిగ్గా మీ ఇంటి నంబరు మీదే పడింది. అందుకని కవరు మీద "మల్లవ్వ, చీకటి గల్లీ" అని రాశాం. అందకపోతే తెలియజేయండి.

*

మట్టెవాడ, 11-11-1979

సారుకు దండాలు.

చీకటి గల్లీ అనంగనే పోస్ట్‌మన్ సీద మా ఇంటికే వచ్చిండు.

సారయ్యది స్టేషన్ ఘన్‌పూర్. ఆ ఊరి ఉప్పలయ్య నాకు బజార్ల కలిసిండు. సారయ్య మా కాడికెల్లి జ్వరంతోటి సీద ఇంటికి పోయిండట. తెల్లారి పోయిండట. బంగారమసొంటి మనిషి. ఇంకొకలను పంపుండ్రి సారూ, లక్ష్మికి దినాలు దగ్గర పడ్డయ్.

ఇట్లు,
మల్లవ్వ

తా.క.: ఆయన చాయ్ తాగిన గిలాస కడుగ మనసొస్తలేదు.

*

కరెంటు ఆఫీసు, 14-11-1979

శ్రీమతి మల్లవ్వ గారికి నమస్కారములు.

జ్వరంతో ఇంటికి పోయిన మనిషి తెల్లారే మళ్లీ ఎటో పోయాడంటే, జ్వరం నయమైనట్టే. చాలా సంతోషం. కానీ సెలవు చీటీ పెట్టకుండా ఇలా తిరగడం బాగాలేదు. ఈసారి కనబడితే రెండో సంతకం కోసం వెంటనే ఆఫీసుకు రమ్మనండి.

మీ బాధ చూసి లైన్‌మన్ గట్టయ్యకు పని అప్పగించాం. అతను ఆ స్తంభం ముట్టుకోనంటున్నాడు. అతని తప్పు లేదు. రిజిస్టరు ప్రకారం సారయ్య ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

ఇట్లు,
రాజేశ్వర్ రావు

తా.క.: గిలాస కడగండి. చీమలు పడతాయి.

*

మట్టెవాడ, 16-11-1979

అయ్యో సారూ!

పోయిండంటే సచ్చిపోయిండు! సారయ్య సచ్చిపోయిండు! ఇంకెట్ల చెప్పాలె మీకు? దినాలు గూడ అయిపోయినయట.

"ఇంకా స్తంభం మీదే ఉన్నాడు" అని మీరు రాసింది చదివి లక్ష్మి ఉత్తరం కింద పడేసింది. ఎందుకంటే, నాలుగొద్దుల నుంచి పొద్దుగూకంగనే స్తంభం మీద టక్ టక్ మంటాంది. పట్కారుతోటి ఇనుమును కొట్టినట్టు. పిట్ట అనుకున్నం. గిన్నొద్దులు గొంతు లేకుంట కూసునే పిట్ట ఏం పిట్ట సారూ?

ఇట్లు,
మల్లవ్వ

తా.క.: నిన్న కిటికీల నిలబడి "సారయ్యా, నువ్వేనా?" అన్న. సప్పుడు ఆగింది.

*

కరెంటు ఆఫీసు, 19-11-1979

శ్రీమతి మల్లవ్వ గారికి నమస్కారములు.

నేను ఘోరంగా పొరబడ్డాను, క్షమించండి. ఘన్‌పూర్‌కు మనిషిని పంపి తెలుసుకున్నాం. మీరు చెప్పిందే నిజం. పదకొండేళ్లు నా దగ్గర పనిచేశాడు. ఒక్కసారి కూడా సంతకం మరిచిపోలేదు. ఈ మాట రాస్తుంటే కళ్లు తడుస్తున్నాయి.

అయితే రిజిస్టరులో చనిపోయినవారికి గడి లేదు. ఏం చేయాలని పైఆఫీసుకు రాశాను. జవాబు వచ్చేదాకా లైను ముట్టుకోవడానికి లేదు. మీరెవరూ ఆ స్తంభం దగ్గరికి పోవద్దు.

ఇట్లు,
రాజేశ్వర్ రావు

తా.క.: ఆ చప్పుడు చేసేవారి నడుముకు తోలు బెల్టు ఉందేమో దూరం నుంచే చూడండి. అది ఆఫీసుది, స్టోరువాళ్లు అడుగుతున్నారు.

*

మట్టెవాడ, 22-11-1979

బెల్టు ఉన్నది సారూ.

రాసేది పక్కింటి మొగిలమ్మ. పొద్దున లక్ష్మికి నొప్పులు మొదలైనయ్. మంత్రసాని వచ్చింది, వెలుతురు లేకుంటే నా తోని కాదంటాంది. బిడ్డ అడ్డం తిరిగిందట. దవాఖానకు రిక్షాల కదిలిస్తే పాణానికే ముప్పంటాంది.

నిన్న మునిమాపున స్తంభం మీద ఖాకీ అంగీ కనబడ్డది. మొఖం కనబడలేదు. నాకు ఒళ్లు జల్లుమన్నది, కానీ లక్ష్మి మీది ఫికర్ ముందట గా భయమెంత? గడపల చాయ్ పెట్టి అన్న: "సారయ్యా, పోయొస్తనన్నవ్ గదా బిడ్డా. జిమ్మ నీదే అంటివి. ఆఫీసుల సంతకం గూడ నువ్వే పెట్టాలెనట." తలుపేసుకున్న. తీసి చూస్తే గిలాస ఖాళీ.

మొగిలమ్మ పెనిమిటి చేతికిచ్చి ఈ ఉత్తరం పంపుతాన. మీ కాళ్లు మొక్కుత, ఏదన్న చెయ్యుండ్రి.

ఇట్లు,
మల్లవ్వ

తా.క.: గిలాస బోర్లించి ఉన్నది. ఇంక వద్దన్నట్టు.

*

కరెంటు ఆఫీసు, 23-11-1979

మల్లవ్వ గారికి,

నిన్న సాయంత్రం ఆరింటికి మీ ఉత్తరం చేతికొచ్చింది. చదివి, ఉద్యోగం పోయినా సరే లైను నేనే కలుపుతానని, అదే మాట కాగితం మీద రాస్తూ తల వంచుకొని ఉన్నాను. టేబులు ముందు ఎవరో నిలబడ్డారు. రిజిస్టరు పేజీ తిప్పిన చప్పుడైంది. రోజూ లైన్‌మన్లు వచ్చే వేళే కదా, తల ఎత్తకుండానే అలవాటుగా "ఇంత ఆలస్యమేంటయ్యా?" అన్నాను.

"పోయొచ్చిన సార్" అన్నాడు.

తలెత్తితే ఎవరూ లేరు. రిజిస్టరులో రెండో సంతకం ఉంది. మొదటి దానితో సరిపోయింది. సిరా ఇంకా తడిగా ఉంది. రెండో సంతకం పడితే కరెంటు ఇవ్వడమే నియమం. ఇచ్చాను. అప్పుడు సమయం ఆరు ఇరవై.

పొద్దున గట్టయ్య వచ్చి మీ స్తంభం చూసిపోయాడు. పైన కొత్త పింగాణి కప్పు ఉందట. లైటు వెలిగిన కాసేపటికే మీకు మనవరాలు పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని అతనే చెప్పాడు. కుర్చీలో కూర్చొని ఏడ్చాను. బెల్టు అదే కుర్చీకి వేలాడుతోంది.

ఇట్లు,
రాజేశ్వర్ రావు

తా.క.: ఒక్క మాట దాచుకోలేకపోతున్నాను. కరెంటు ఇచ్చి వెనక్కి తిరిగేసరికి తలుపు దగ్గర అలికిడైంది. "పోతున్నావా సారయ్యా?" అన్నాను. ఈసారి "పోయొస్త" అనలేదు. "పోతాన సార్" అన్నాడు. నేను దిద్దలేదు.