హాజరుకు రాని ముఖం

లక్ష్మక్కా,

నువ్వు అడిగింది ఇన్నాళ్లకు జరిగింది. నువ్వుంటే ఇవాళ నార్సింగి చౌరస్తాలో మన రోడ్లు ఊడ్చేవాళ్లందరికీ చాయ్ తాగించేదానివి.

ఆ రోజు చీపురు చేతిలో ఉండగానే మున్సిపాలిటీ పెద్దసారు కారుకు అడ్డం పోయావు. "పనిలకు రానోళ్ల పేర్ల మీద జీతాలు తింటున్నరు సార్, జర లెక్క తియ్యుండ్రి" అన్నావు. మేమంతా నీ వెనక తలలు దించుకుని నిలబడ్డాం.

ఇప్పుడు ముఖం చూపిస్తేనే హాజరు. పొద్దున్నే సూపర్‌వైజర్ ఫోన్ ముందు ఒక్కొక్కరం నిలబడాలి. ముఖం పడని పేరుకు జీతం రాదు. ఆ జీతాలు మింగిన కాంట్రాక్టరు మొహం మాడిపోయింది. నాకైతే కడుపు నిండినట్టయింది.

నిన్న తనిఖీకి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఎవరూ రాని పేర్లు చదువుతూ ఒక్కొక్కటే తీసేస్తోంది. మధ్యలో నీ పేరు చదివింది. నువ్వు పోయి రెండు బతుకమ్మ పండుగలు దాటినా, నీ పేరు మీద మొన్నటిదాకా ఎవరో జీతం తీసుకుంటూనే ఉన్నారట.

"ఇదీ దొంగ పేరేనా?" అని అడిగింది.

సూపర్‌వైజర్ కిందికి చూస్తూ "అవును మేడం" అన్నాడు.

నేను ఆగలేకపోయాను. "కాదు మేడం. గీ అద్దాల బిల్డింగుల ముందట అంత ఆమెనే ఊడుస్తుండె. దవాఖానల సచ్చిపోయింది" అన్నాను.

ఆమె మంచిదే అక్కా. ఫోన్‌లో చాలాసేపు వెతికింది.

"పేరు తీసేయాలంటే కారణం చూపించాలమ్మా. ఇందులో 'చనిపోయారు' అని లేదు. 'నకిలీ' ఒక్కటే ఉంది" అంది.

అదే నొక్కింది.