పాత పైథాన్‌కు పాడె కట్టారు

యాదన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన ఆఫీసు మేధావులు నీ సంవత్సరీకం ఘనంగానే జరిపారు. కాంటా చూపే బరువును కంప్యూటర్‌కు అందించే మన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఇక పైథాన్ భాష పాత వెర్షన్లలో నడవదు. "ఈ కాలంలో పాతది ఎవరు వాడతారండీ?" అన్నాడు కొత్త మేనేజరు. విమానం ఎక్కడానికి తప్ప శంషాబాద్ వైపు రాని మనిషి.

పాత వెర్షన్‌లో నడుస్తుందో లేదో చూసే పరీక్షలో తప్పినట్టు ఎర్ర గుర్తు వస్తోందట. కోడ్ సరిచేయలేదు, ఆ పరీక్షనే పీకేశారు. అంతా పచ్చగా కనబడేసరికి కేకు కోశారు. జ్వరం తగ్గలేదని థర్మామీటరు విరగ్గొట్టే తెలివి.

నువ్వైతే ప్రతి విడుదలకు ముందు శంషాబాద్ పక్కన సాతంరాయి పూల గోదాముకు పోయి, అక్కడి పాత కంప్యూటర్‌లో నడిపి చూసేవాడివి. "ముసలోడు ఒప్పుకుంటెనే పెండ్లి" అనేవాడివి.

మధ్యాహ్నం ఆ గోదాము నుంచి మరియమ్మక్క ఫోను చేసింది.

"తమ్మీ, కొత్తది ఎక్కించినంక కాంటా బరువు కంప్యూటర్ల వస్తలేదు. తూకం కాక పూలన్నీ వాడిపోతున్నయి. యాదన్నను జర పంపు."

నువ్వు లేవని ఆమెకు తెలియదు. మేనేజరుకు సంగతి చెప్తే, "కొత్త కంప్యూటర్ కొనుక్కోమనండి" అన్నాడు. పూలు వాడిపోతున్నా సలహాలు మాత్రం తాజాగా ఉన్నాయి.

నేనే వెళ్ళి, నువ్వు చివరగా విడుదల చేసిన వెర్షన్ ఎక్కించాను. కాంటా మీద బంతిపూల బుట్ట పెట్టగానే తెర మీద బరువు వచ్చింది.

"అన్న చేసింది గదా, నడుస్తది. నడుస్తున్నదని అన్నకు చెప్పు తమ్మీ," అంది అక్క.

"చెప్తనక్కా," అన్నాను.

నడుస్తోందన్నా.