ఆరో అడుగు

చాడ్రన్, నెబ్రాస్కా
1953 మార్చి 2

మహారాజశ్రీ హార్లన్ క్రెబ్స్ గారి సముఖానికి, వర్జిల్ స్టాడ్లర్ అనే అభిమాని రాసుకునే మనవి.

అయ్యా, నేను ఈ ఊళ్లో పియానోలు శ్రుతి చేసి బతికేవాణ్ణి. మీ పేరు కనుక్కోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. తెర మీద వేసే పేర్లలో మీది ఉండదు కదా! ‘సారాకొట్లోకి వచ్చి, రెండు ముక్కలు మాట్లాడి, కాసేపటికి చచ్చిపోయే ఆ పెద్దమనిషి ఎవరు?’ అని మా థియేటర్ ఓనర్ గస్‌ని అడిగితే, “ఏ పెద్దమనిషయ్యా? అక్కడ అందరూ చేసే పని అదేగా!” అన్నాడు. చివరికి మీ స్టూడియోకి ఉత్తరాలు రాయించి పట్టుకున్నాను.

మొన్న శనివారం ‘ఎండిన వాగు’కి వెళ్లాను. మీరు తలుపు తోసుకుని వచ్చారు. తలుపు నుంచి బల్ల దాకా ఏడు అడుగులు. ఆరో అడుగు దగ్గర ఎడమ కాలు ఒక్క క్షణం ఆగింది. అంతే, నాకు ఒళ్లు జలదరించింది. ఈ మనిషికి భయంగా ఉంది, అయినా వెనక్కి తిరగడు. ఆ ముక్క ఒక్క అడుగులో చెప్పేశారు. హీరో గంటన్నర వాగినా అంత చెప్పలేకపోయాడు.

ఇప్పటికి మీవి నలభై ఒక్క సినిమాలు చూశాను. మీలాంటి నటుడు భూమ్మీద ఇంకొకడు లేడు.

భవదీయుడు,
వర్జిల్ స్టాడ్లర్

తా.క.: మీ సారాకొట్లలో ఆ పియానోని ఎవరైనా శ్రుతి చేస్తే బాగుండు. మీరు నలభై ఒక్కసార్లు చచ్చిపోయినా తట్టుకున్నాను గానీ, దాన్ని తట్టుకోలేకపోతున్నాను.

*

హాలీవుడ్
మార్చి 9

ప్రియమైన స్టాడ్లర్ గారూ,

ఇరవై నాలుగేళ్లలో నాకొచ్చిన మొదటి అభిమాని ఉత్తరం మీది. అంతకుముందు ఒకటి వచ్చింది గానీ, అది లాండ్రీవాళ్లు చొక్కాలు తీసుకెళ్లమని రాసింది. మీ ఉత్తరాన్ని మా ఇంటి ఓనరమ్మ మిసెస్ గ్రిమ్‌కి చదివి వినిపించాను. “మీ నడకా? బాతు నడిచినట్టుంటుంది కదండీ!” అంది. కళ అందరికీ అర్థం కాదు.

ఒక ఉపకారం చేసిపెట్టాలి. డైరెక్టర్ లోమాక్స్ కొత్త సినిమాలో ముసలి షరీఫు వేషం ఖాళీగా ఉంది. పదకొండు డైలాగులు. పైగా ఆ షరీఫు చివరిదాకా బతికే ఉంటాడు! నాకు అరవై మూడేళ్లు. మళ్లీ ఇలాంటిది రాదు. అడిగితే లోమాక్స్, “క్రెబ్స్, నీ మొహం ఎవడికీ గుర్తుండదయ్యా. గుర్తున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించు, వేషం నీదే” అన్నాడు. గడువు ఏప్రిల్ ఇరవై.

నా మొహంలో మీకు నచ్చినదేమిటో మూడు వాక్యాలు రాసి పంపండి, చాలు. ఫోటో జతపరిచాను.

మీ
హార్లన్ క్రెబ్స్

తా.క.: పియానో సంగతి సంగీతం వాళ్లకి చెప్పాను. శ్రుతిలో ఉంటే అది సారాకొట్టు అవదు, చర్చి అవుతుందట.

*

చాడ్రన్
మార్చి 16

పూజ్యులు క్రెబ్స్ గారికి,

ఫోటో అందింది. కాగితం చాలా నాణ్యమైనది. మా అక్క ఒపల్ దాన్ని హాల్లో పెట్టించింది. ఈ మొహంలో హుందాతనం ఉందంది.

మొహం గురించి రాయడం మాత్రం నావల్ల కాదు, మన్నించాలి. దానికి బదులు ‘బండి బాట’లో మీ చావు గురించి రాయనా? బండి చాటున తూటా తగిలింది. ముక్కుతో ఒక్కసారి గాలి పీల్చారు. చిన్న దగ్గు. బూటు మడమ నేల మీద రెండుసార్లు గీరుకుంది. అప్పుడు పడ్డారు, రెండు చప్పుళ్లుగా. తక్కినవాళ్లంతా ఒక్క చప్పుడుతో పడతారు. ముందు ఒళ్లు, తర్వాత ప్రాణం పడ్డట్టు మీరొక్కరే పడతారు. వారంరోజులు అన్నం సహించలేదు నాకు.

విధేయుడు,
వర్జిల్

తా.క.: మీ ఫోటో చూసి ఒపల్ ఇంకో మాట కూడా అంది. అదేమిటంటే, మీ ము

*

హాలీవుడ్
మార్చి 23

స్టాడ్లర్ గారూ,

మీ ఉత్తరం తా.క. దగ్గర కాగితం చివర తెగిపోయింది. ‘మీ ము’ ఏమిటండీ? నాకు మూడురోజులు నిద్రలేదు.

నిన్న స్టూడియోవాళ్లని బతిమాలి ‘బండి బాట’ మళ్లీ వేయించుకుని చూశాను. ఆ సీనులో నేను అసలు కనపడను! కెమెరా బండికి ఇవతల ఉంది, నేను అవతల చచ్చాను. కెమెరాకే కనపడనిది మీకెలా కనపడింది?

చాలా ఆలోచించాను. మొహం గురించి మీరు రాయరు, అక్క రాస్తుంది. ఫోటో మీరు చూడరు, అక్క చూస్తుంది. అసలు మాట దగ్గరకొచ్చేసరికి సిగ్గుతో కలం ఆగిపోతుంది. నాకు అర్థమైపోయింది. బండి చాటున ఉన్న మనిషిని చూడగలిగేది మనసు ఒక్కటే.

ఒపల్ గారూ, తమ్ముడి వెనక దాక్కోనక్కర్లేదు. ఆ మూడు వాక్యాలూ మీరే రాయండి. నేను పెళ్లికానివాణ్ణి.

మీ (ఇద్దరి)
హార్లన్

తా.క.: పక్కనుంచి తీసిన ఫోటో పంపుతున్నాను. ఇది మొదటిదానికి రెట్టింపు ఉంటుంది.

*

చాడ్రన్
మార్చి 30

అయ్యా,

మీ ఉత్తరం చదువుతూ ఒపల్ కాఫీ మీద పోసుకుంది. తేరుకున్నాక అన్న మాట యథాతథంగా: “ఒరే వర్జిల్, నాకు అరవై ఆరేళ్లు, ముగ్గురు మనవలు. కౌబాయ్ సినిమా అంటేనే నాకు తలనొప్పి. ఆయనకి నీ సంగతి చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

చెప్పొద్దన్నాను. ఉత్తరాలు రాసేది నేనే. మిమ్మల్ని ఆరాధించేదీ నేనే. మొహం సంగతి అడగకండి.

వర్జిల్

తా.క.: ఆ మాట ‘మీ ముక్కు’. చనిపోయిన మా పళ్ల డాక్టరుదీ మీదీ ఒకటే ముక్కట. కాగితం అయిపోయిందని నాకు తెలియలేదు.

*

టెలిగ్రాం
హాలీవుడ్, ఏప్రిల్ 14

అసలు మీరు లేరని, ఈ ఉత్తరాలు క్యాంటీన్‌లో మావాళ్ల వేళాకోళమని అందరూ అంటున్నారు. కాదని నమ్మాలనుంది. నా మీసం రంగేమిటి? ఒక్క మాట చాలు. క్రెబ్స్.

*

చాడ్రన్
ఏప్రిల్ 15

పూజ్యులు క్రెబ్స్ గారికి,

మీ టెలిగ్రాం ఒపల్ చదివి వినిపించింది. మీసం రంగు నాకు తెలియదు. మీకు మీసం ఉందన్న సంగతే ఇప్పుడు తెలిసింది.

నాకు చూపు లేదు. తొమ్మిదో ఏట తట్టు పోసి పోయింది. ఈ ఉత్తరాలు టైపు మిషను మీద వేళ్ల లెక్కతో కొట్టినవి. నలభై ఒక్క సినిమాలూ గస్ హాల్లో మూడో వరసలో కూర్చుని విన్నాను. అందరిలాగే నేనూ ‘చూశాను’ అనే అంటాను.

మొదటే ఎందుకు చెప్పలేదంటారా? గుడ్డివాణ్ణని చెప్పగానే మనుషులు నాతో అరిచి మాట్లాడతారు, చెవుడు కూడా ఉన్నట్టు. ఆ తర్వాత జాలిపడతారు. ఒక్కచోటైనా ఉత్త అభిమానిగా ఉందామనుకున్నాను. నా సిగ్గు మీ వేషానికి అడ్డొస్తుందనుకోలేదు. సిగ్గుపడుతున్నాను.

లోమాక్స్ గారికి ఇది చూపించండి: ‘ఈ మనిషి మొహం నేను ఎన్నడూ చూడలేదు. అయినా వందమందిలో ఇతను నడిచొస్తే గుర్తుపడతాను. ఇతను గదిలోకి వస్తే నేను ఊపిరి బిగబట్టుకుంటాను.’

ఇంతకన్నా నిజం నా దగ్గర లేదు.

వర్జిల్

తా.క.: ఇంతకీ మీసం ఏ రంగు? ఫోటోలు నలుపు తెలుపువి కావడంతో ఒపల్ కూడా చెప్పలేకపోతోంది.

*

హాలీవుడ్
ఏప్రిల్ 21

వర్జిల్,

(ఒపల్ గారూ, దీన్ని మామూలు గొంతుతోనే చదవండి. ఆయనకి చెవుడు లేదు.)

మీ ఉత్తరం నిన్న పొద్దున్న, సరిగ్గా గడువు రోజున చేరింది. గుమ్మంలోనే చదివాను. కళ్లు తుడుచుకుని, టోపీ పెట్టుకుని లోమాక్స్ దగ్గరికి బయల్దేరాను. ఇది చూస్తే వేషం ఇవ్వక చస్తాడా! స్టూడియో మెట్లెక్కుతుంటే పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా అడుగులు నేను విన్నాను. టపటప, టపటప. బాతే. మిసెస్ గ్రిమ్ అబద్ధమాడలేదు. మరి మీరు విన్న నడక ఎవరిది?

పైకెళ్లాల్సినవాణ్ణి కిందికి దిగాను. కింది గదిలో ఎమిల్ కోహుట్ అని ఒకతను ఉంటాడు. షూటింగులో మా అడుగుల చప్పుడు సరిగా పడదు. తర్వాత తెర చూస్తూ, చెక్కల మీదా ఇసుక పెట్టెలోనూ నడిచి ఆ చప్పుళ్లన్నీ అతనే చేస్తాడు. “నా అడుగులకి ఏ బూట్లేసుకుంటావయ్యా?” అని అడిగాను.

“హీరోలకైతే సినిమాకో కొత్త జత ఇస్తారు. నీలాంటోళ్లకి ఏదైతేనేం, వినేదెవడు? నీకు మాత్రం మూలనున్న మా నాన్న బూట్లు తొడుక్కుంటా. ఇరవై నాలుగేళ్లనించీ అవే” అన్నాడు.

వర్జిల్, నన్ను ఎవరూ పట్టించుకోకపోబట్టే నా బూట్లు మారలేదు, అందుకే మీరు నన్ను గుర్తుపట్టారు. మీరు ఆరాధించింది నన్ను కాదు, ఎమిల్‌ని. అయినా మీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను.

“ఆరో అడుగు నేను కావాలని ఆపలేదు హార్లన్” అన్నాడు. “నేను తెర మీద నీ మొహమే చూస్తూ నడుస్తా. అక్కడ నీ మొహంలో భయం కనపడింది. నా కాలు ఆగిపోయింది.”

నా మొహం మీ దాకా వచ్చింది వర్జిల్. ఎమిల్ కాలి మీదుగా వచ్చింది. నా మొహం గుర్తున్నవాడు ఇరవై నాలుగేళ్లుగా మెట్ల కిందే ఉన్నాడు, నేను మెట్ల పైన వెతుక్కున్నాను.

మీ ఉత్తరం ఇద్దరం నాలుగుసార్లు చదువుకునేసరికి సాయంత్రమైంది. వేషం ఇంకొకడికి పోయింది, ముప్పై ఏళ్ల కుర్రాడికి తెల్లవిగ్గు పెట్టి. బాధ లేదంటే అబద్ధం. అదే సినిమాలో నాకు మామూలు వేషం ఇచ్చారు. పదో నిమిషంలో పోతాను.

బండి చాటున ఆ దగ్గు మాత్రం నాదే. అదొక్కటి నాకు వదిలేయండి.

మీ స్నేహితుడు,
హార్లన్

తా.క. (ఇది ఎమిల్ చేతిరాత): అయ్యా, ఆ రెండు చప్పుళ్లలో మొదటిది పిండిబస్తా, రెండోది నా భుజం. వారంరోజులు చెయ్యి లేవలేదు. ఎవరైనా విన్నారో లేదో అనుకుంటూ ఉండేవాణ్ణి.

ఇంకో తా.క.: నా మీసం ఎర్రది. సినిమా అక్టోబరులో మీ ఊరొస్తుంది. చివర్లో ముసలి షరీఫు తన కొడుకు సమాధి దాకా ఒంటరిగా నడుస్తాడు, పన్నెండడుగులు. ఆ షరీఫు బూట్లు ఎలకపిల్లల్లా కిచకిచలాడతాయి. ఎమిల్ మాటిచ్చాడు. అది మీకు తప్ప లోమాక్స్ చెవికి గానీ, ఇంకెవరి చెవికి గానీ ఆనదు. హాలంతా ఏడుస్తుంటుంది. మీరు మాత్రం దయచేసి పైకి నవ్వకండి.